ఆస్ట్రేలియా ఆదివాసుల పట్ల ప్రభుత్వ విధానం: రెండు శతాబ్దాల చట్టాలను ఎలా చదవాలి?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆదివాసుల పట్ల మొదట ‘సంరక్షణ’, తరువాత ‘విలీనం’, ఆ తరువాత ‘స్వయంనిర్ణయం’ అనే విధానాలను పాటించిందని చదివారు. వీటిని ఒకదానికంటే ఒకటి మెరుగైన మెట్లుగా భావించవచ్చా అన్నది మొదటి భాగం. అంతగా మెరుగుపడి ఉంటే, ఆదివాసుల సలహా సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అని అడిగిన 2023 రెఫరెండం ఎందుకు ఓడిపోయిందన్నది రెండవది. ఈ దేశ చరిత్రను చాలాకాలం బోధించినవాడిగా నా సమాధానం ఏమిటంటే, వీటిని మెట్లుగా చూడకండి. ఆ పేర్లన్నీ మంత్రులూ అధికారులూ తాము చేస్తున్న పనికి తామే పెట్టుకున్నవి. వాటిని పక్కనపెట్టి చట్టాల్లోని సెక్షన్లు చదివితే ప్రతి కాలంలోనూ తిరిగి తిరిగి ఎదురయ్యేవి నాలుగు విషయాలే: భూమి ఎవరిది, పిల్లల మీద హక్కు ఎవరిది, కూలి డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, అసలు ఎవరిని ఆదివాసిగా లెక్కించాలి. దాదాపు 1970ల దాకా ఈ నాలుగింటినీ ప్రభుత్వమే తేల్చింది. ఆ తరువాత వాటిలో కొన్నింటిని, అదీ షరతుల మీద, కోర్టులో ఓడిపోయిన తరువాతనో ఉద్యమాలకు తలొగ్గిన తరువాతనో వదులుకుంది.

భూమితో మొదలుపెడదాం. 1788 జనవరి 26న సిడ్నీ తీరంలో వలస స్థాపించిన గవర్నర్ ఆర్థర్ ఫిలిప్‌కు లండన్ ఇచ్చిన ఆదేశాల్లో స్థానికులతో స్నేహంగా, దయగా మెలగాలని స్పష్టంగా ఉంది. వారి భూమిని కొనాలనిగానీ, అందుకు ఒప్పందం చేసుకోవాలనిగానీ ఒక్క మాట లేదు. మూడేళ్ళు గడవకముందే, తన వేటగాడిని ఈటెతో పొడిచినందుకు ప్రతీకారంగా అదే ఫిలిప్ సైనికులను పంపి, ఇద్దరిని పట్టుకుని పదిమంది తలలు నరికి తెమ్మని ఆదేశించాడు. తరువాత ఆ సంఖ్యను ఆరుకు తగ్గించాడు. సైనికులు ఎవరినీ పట్టుకోలేక తిరిగివచ్చారు. లిఖిత ఆదేశంలో దయ, ఆచరణలో దండయాత్ర అనే ఈ జంట ఆ తరువాత వంద సంవత్సరాలూ విడిపోలేదు. 1816లో గవర్నర్ మెక్వారీ సైనికులు అప్పిన్ వద్ద ఆదివాసులను చంపడం, 1824లో బాథర్స్ట్ ప్రాంతంలో విరాద్జురి ప్రజల మీద సైనిక శాసనం, 1828లో టాస్మానియాలో మళ్ళీ అదే శాసనం, చివరికి బతికి మిగిలిన సుమారు రెండువందలమంది టాస్మానియన్లను ఫ్లిండర్స్ ద్వీపానికి తరలించడం, వారిలో 1847 నాటికి 47 మంది మాత్రమే తిరిగిరావడం, ఇవన్నీ ఆ వరుసలోవే. 1838లో మయాల్ క్రీక్ వద్ద కనీసం 28 మందిని చంపినందుకు ఏడుగురు శ్వేతజాతీయులను ఉరితీశారు. చట్టం అందరికీ సమానమేనన్నదానికి దీన్ని ఉదాహరణగా చెబుతుంటారు గాని, అటువంటి శిక్ష మళ్ళీ దాదాపుగా పడలేదు. ఈ కేసు తరువాత హత్యలు ఆగలేదు, వాటి గురించి మాట్లాడటం ఆగింది. 1928లో కానిస్టన్ వద్ద పోలీసు బృందం చంపినవారు ప్రభుత్వ లెక్క ప్రకారమే 31 మంది. విచారణ సంఘం ఆ కాల్పులన్నీ సమర్థనీయమేనని తేల్చింది.

ఇక్కడ ఒక చట్టపరమైన విషయాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. 1835లో జాన్ బాట్‌మన్ అనే వలసదారు ఇప్పటి మెల్‌బోర్న్ ప్రాంతంలోని కూలిన్ ఆదివాసి పెద్దలతో భూమి కోసం ఒక ఒప్పందం రాయించుకున్నాడు. అది న్యాయమైన ఒప్పందమేమీ కాదు. దుప్పట్లు, గొడ్డళ్ళు, పిండి వంటివి ఇచ్చి లక్షల ఎకరాలు తనవన్నాడు. గవర్నర్ బర్క్ ఆ సంవత్సరమే దాన్ని రద్దుచేస్తూ ప్రకటన ఇచ్చాడు. రద్దుకు కారణం కూలిన్ ప్రజలు మోసపోయారని కాదు, ఆ భూమి ముందే బ్రిటిష్ రాజ్యానిది గనుక అమ్మే హక్కు వారికి లేదని. ఐదేళ్ళకే న్యూజిలాండ్‌లో అదే సామ్రాజ్యం మావోరీ నాయకులతో వైటాంగి ఒప్పందం కుదుర్చుకుంది. మన వైపు చూస్తే, మద్రాసు ప్రభుత్వం 1917లో చేసిన ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం, గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో గిరిజనుల భూమి మైదానవాసుల చేతుల్లోకి పోకుండా అనుమతి తప్పనిసరి చేసింది. ఆ చట్టం ఎంత బాగా అమలైందో మనకు తెలిసిందే. కాని భూమి గిరిజనులదేనన్న గుర్తింపు కనీసం కాగితం మీద ఉంది. ఆస్ట్రేలియాలో దేశం మొత్తానికి వర్తించే అటువంటి కాగితం కూడా 1992 దాకా లేదు. ఆస్ట్రేలియా విధానంలోని తక్కిన వైపరీత్యాలు చాలామటుకు ఈ ఒక్క శూన్యం నుంచే పుట్టాయని నా అభిప్రాయం: భూమి మీద హక్కే లేనివాడికి ప్రభుత్వం ఇచ్చేదంతా దానమే అవుతుంది, దానాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఇది ఎలా జరిగిందో చూడటానికి కొరాండెర్క్ కథకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. సైమన్ వోంగా, ఆయన బంధువు విలియం బరాక్ నాయకత్వంలో కూలిన్ ప్రజలు 1863లో హీల్స్‌విల్ దగ్గర స్థిరపడి, ప్రభుత్వం కేటాయించిన సుమారు 4,850 ఎకరాల్లో అడవి కొట్టి, ఇళ్ళు కట్టుకుని, బీరు తయారీలో వాడే హాప్స్ పండించారు. ఆ పంటకు మెల్‌బోర్న్ మార్కెట్లో మంచి ధర పలికింది. అధికారులు కోరిన ‘నాగరికత’ అదే అయితే, అది అక్కడ ఉంది. కాని 1869లో, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న విక్టోరియా ఆదివాసుల సంరక్షణ చట్టం తెచ్చింది. ఎక్కడ నివసించాలో, ఎవరి దగ్గర పనిచేయాలో, పిల్లలు ఎవరి సంరక్షణలో ఉండాలో నిర్ణయించే అధికారాన్ని ఒక బోర్డుకు కట్టబెట్టిన మొదటి చట్టాల్లో ఇది ఒకటి. హాప్స్ మీద వచ్చిన డబ్బు బోర్డుకు పోయేది, పండించినవారికి సరైన కూలి దక్కేది కాదు. భూమి విలువ పెరిగేకొద్దీ బోర్డు వారిని అక్కడినుంచి కదిలించాలని చూసింది. బరాక్ తన వారితో కలిసి మెల్‌బోర్న్‌కు కాలినడకన వెళ్ళి మంత్రులను కలిశాడు, పిటిషన్లు రాయించాడు, పత్రికలవారితో మాట్లాడాడు. 1881లో విచారణ జరిగింది, ఆదివాసులు సాక్ష్యం చెప్పారు, తాత్కాలికంగా గెలిచారు కూడా.

ప్రభుత్వం జవాబు 1886లో వచ్చింది. మిశ్రమ సంతతివారైన 34 సంవత్సరాలలోపు వారు ఇకపై ఆదివాసులు కారని, వారు ఆ స్థావరాలను విడిచి వెళ్ళి బయట బతకాలని చట్టాన్ని సవరించారు. పనిచేయగల యువకులందరూ ఒక్క సవరణతో వెళ్ళిపోవలసి వచ్చింది. భార్య ఒక వర్గంలో, భర్త మరొక వర్గంలో పడిన కుటుంబాలు చీలిపోయాయి. పొలం చేసేవారు లేకపోవడంతో, భూమి వృథాగా ఉందన్న సాకుతో 1893లో సగం తీసేసుకున్నారు. 1924లో స్థావరాన్నే మూసివేశారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మిగిలిన భూమిలో చాలాభాగం తిరిగివచ్చిన సైనికుల పునరావాసానికి పోయింది; ఆ పథకాల్లో, కొద్దిమంది మినహా, యుద్ధం చేసివచ్చిన ఆదివాసులకు చోటు దొరకలేదు. ఎవరు ఆదివాసి అన్న నిర్వచనం ప్రభుత్వం చేతిలో ఉండటానికి, భూమి పోవడానికి మధ్య ఉన్న సంబంధం ఈ ఒక్క ఊరి చరిత్రలో మొత్తం కనిపిస్తుంది.

విక్టోరియా దారినే తక్కిన రాష్ట్రాలూ పట్టాయి: క్వీన్స్‌లాండ్ 1897లో, వెస్ట్రన్ ఆస్ట్రేలియా 1905లో, న్యూ సౌత్ వేల్స్ 1909లో, సౌత్ ఆస్ట్రేలియా, నార్దర్న్ టెరిటరీ 1911లో. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్ల చరిత్ర తెలిసిన మన పాఠకులకు హాజరు పట్టీ, పాసు, సూపరింటెండెంట్ అనుమతి వంటి పద్ధతులు కొత్తగా అనిపించవు. అయితే మన నేర జాతుల చట్టం నేరం పేరు చెప్పింది. ఇక్కడి చట్టాలు రక్షణ పేరు చెప్పాయి, అందువల్ల వాటిని ప్రశ్నించడం ఇంకా కష్టమైంది. క్వీన్స్‌లాండ్ చట్టం కింద ఎవరినైనా విచారణ లేకుండా పామ్ ద్వీపం వంటి రిజర్వులకు పంపవచ్చు, ఎంతకాలమైనా ఉంచవచ్చు. పెర్త్ నగర కేంద్రం 1927 నుంచి 1954 దాకా ఆదివాసులకు నిషిద్ధ ప్రాంతం. పాసు లేకుండా అక్కడ కనిపిస్తే అరెస్టే.

కూలి డబ్బు విషయం చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తాను. క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసి పనిచేయాలంటే స్థానిక సంరక్షకుడి ద్వారా ఒప్పందం రాయాలి. ఆ సంరక్షకుడు చాలాచోట్ల ఆ ఊరి పోలీసే. యజమాని కూలిలో అధికభాగాన్ని పనివాడికి కాక, సంరక్షకుడి అధీనంలోని ఖాతాలో జమచేసేవాడు. తన డబ్బుతో చొక్కా కొనుక్కోవాలన్నా పనివాడు ఆ పోలీసును అడిగి, వేలిముద్ర వేసి తీసుకోవాలి. నిశానీదారు ఖాతాల్లో మోసాలు జరుగుతున్నాయని ప్రభుత్వపు సొంత విచారణలే చెప్పాయి. పైగా ఆ పొదుపు సొమ్మును, దాని వడ్డీని ప్రభుత్వం తన ఖర్చులకు, పెట్టుబడులకు వాడుకుంది. పామ్ ద్వీపంలో 1957లో కూలి కోసం, మర్యాద కోసం సమ్మె చేసినందుకు ఏడు కుటుంబాలను తుపాకులు చూపించి ద్వీపం నుంచి తరలించారు. ఈ డబ్బు మీద వేసిన సామూహిక దావా 2019లో 19 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అప్పటికి అసలు పనివారిలో ఎక్కువమంది లేరు. చాలా క్లెయిములు పిల్లలు, మనవలు వేసినవే. ఆదివాసులు ప్రభుత్వ సహాయం మీద ఆధారపడ్డారని ఎవరైనా మీతో అంటే, దశాబ్దాల పాటు ప్రభుత్వం వారి కూలి మీద ఆధారపడిందని చెప్పడానికి ఈ ఖాతాల పుస్తకాలు చాలు.

పిల్లల విషయానికి వస్తే, 1905 నాటి వెస్ట్రన్ ఆస్ట్రేలియా చట్టం ప్రధాన సంరక్షకుణ్ణి పదహారేళ్ళ లోపు ఆదివాసి పిల్లలందరికీ చట్టబద్ధమైన గార్డియన్‌గా చేసింది. తల్లి బతికి ఉన్నా సరే. 1936లో ఆ వయసును ఇరవై ఒకటికి పెంచారు. న్యూ సౌత్ వేల్స్‌లో మొదట మేజిస్ట్రేట్ ముందు నిర్లక్ష్యాన్ని నిరూపించవలసి ఉండేది. అది బోర్డుకు అడ్డుగా తోచడంతో 1915 సవరణ ఆ అవసరాన్ని తీసేసింది. ఆడపిల్లలను కూటమండ్రాకు, మగపిల్లలను కించెలాకు పంపి, ఇంటిపనికీ పొలంపనికీ శిక్షణ ఇచ్చేవారు. ఈ పిల్లలను తీసుకుపోయిన అధికారులందరూ క్రూరులని అనుకుంటే విషయం అర్థం కాదు. చాలామంది తాము మేలు చేస్తున్నామని నిజంగా నమ్మారు. ఆ నమ్మకానికి తర్కం ఏమిటో 1937లో కాన్‌బెరాలో జరిగిన రాష్ట్రాల అధికారుల సమావేశం దాచుకోకుండా చెప్పింది: పూర్తి ఆదివాసి రక్తం లేనివారి భవిష్యత్తు శ్వేత సమాజంలో కలిసిపోవడమేనని తీర్మానించారు. వెస్ట్రన్ ఆస్ట్రేలియాలో 1915 నుంచి 1940 దాకా ఆదివాసుల వ్యవహారాల అధిపతిగా ఉన్న ఎ. ఓ. నెవిల్, చివరికి ఆస్ట్రేలియాలో ఆదివాసులు ఉండేవారన్న సంగతే మరచిపోయే స్థితి రావాలన్న ఆలోచనను ఆ సమావేశంలో బాహాటంగా ముందుపెట్టాడు. కొందరు దీన్ని అతివాద అధికారి అభిప్రాయంగా కొట్టివేస్తారు గాని, తీర్మానాన్ని ఒప్పుకున్నది అతను ఒక్కడే కాదు.

1997లో మానవ హక్కుల సంఘం ఇచ్చిన నివేదిక, 1910కీ 1970కీ మధ్య ప్రతి ముగ్గురిలో ఒకరి నుంచి పదిమందిలో ఒకరి దాకా ఆదివాసి పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేశారని అంచనా వేసింది. అంచనా ఇంత వెడల్పుగా ఉండటానికి కారణం రికార్డులు సరిగా ఉంచకపోవడం, ఉన్నవి కొన్ని నాశనం కావడం. అపహృత తరాలు అని నేడు అంటున్నది వీరినే. దీని ఫలితం ఒక తరంతో ఆగలేదనడానికి మరొక లెక్క ఉంది. కస్టడీలో మరణించిన 99 మంది ఆదివాసుల కేసులను పరిశీలించి 1991లో తుది నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్, వారిలో 43 మందిని చిన్నతనంలోనే కుటుంబం నుంచి వేరుచేశారని కనుగొంది.

1950ల్లో మంత్రి పాల్ హాస్లక్ పేరుతో ముడిపడిన ‘విలీన’ విధానం, రక్తం భాషను వదిలి పౌరసత్వం భాష మాట్లాడింది. అది మెరుగుదలే కదా అని మీకు అనిపించవచ్చు. నార్దర్న్ టెరిటరీలో 1953 నాటి సంక్షేమ ఆర్డినెన్స్ ఎలా రాశారో చూడండి: ‘ఆదివాసి’ అన్న మాట ఎక్కడా లేదు, ప్రత్యేక సంరక్షణ అవసరమైన వ్యక్తులను ‘వార్డు’లుగా ప్రకటించవచ్చు అంటుంది, అయితే ఓటుహక్కు ఉన్నవారిని అలా ప్రకటించరాదు అంటుంది. ఓటు లేనిది ఎవరికి? 1957లో వచ్చిన జాబితాలో టెరిటరీలోని ఆదివాసులు దాదాపు అందరూ ఉన్నారు. ఆ పుస్తకాన్ని జనం పశువుల వంశావళి పుస్తకమని ఎగతాళి చేశారు. జాబితాలో లేని అరుదైన వ్యక్తుల్లో చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్‌జీరా ఒకరు. అందువల్ల ఆయన మద్యం కొనవచ్చు, కాని జాబితాలో ఉన్న బంధువుతో పంచుకోకూడదు. పంచుకున్నాడని 1958లో శిక్ష వేశారు. మరుసటి ఏడాదే ఆయన మరణించారు. న్యూ సౌత్ వేల్స్, వెస్ట్రన్ ఆస్ట్రేలియాల్లో 1940ల్లో వచ్చిన మినహాయింపు పత్రాలదీ ఇదే పద్ధతి. బంధువులతో, ఆచారాలతో సంబంధం తెంచుకుంటే తక్కిన పౌరులకున్న హక్కులు కొన్ని దక్కేవి. వాటిని పొందినవారే కుక్క లైసెన్సులని పిలిచారు.

ఓటు గురించి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. 1902 నాటి కేంద్ర ఓటుహక్కు చట్టం ఆస్ట్రేలియా ఆదివాసులతో పాటు, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల మూలాలున్నవారిని కూడా (న్యూజిలాండ్ మావోరీలు మినహా) ఓటర్ల జాబితా నుంచి మినహాయించింది. బ్రిటిష్ ఇండియాలో పుట్టి ఇక్కడ స్థిరపడినవారికి 1925లో ఆ అడ్డంకి తొలగింది. ఈ నేలమీద పుట్టిన ఆదివాసులందరికీ కేంద్ర ఎన్నికల్లో ఓటు వచ్చింది 1962లో. రాష్ట్ర ఎన్నికల్లో చివరగా ఇచ్చిన క్వీన్స్‌లాండ్ 1965 దాకా ఆగింది.

దీనివల్ల 1967 రెఫరెండం గురించిన ప్రచారంలో ఎంత తప్పుందో కూడా తెలుస్తుంది. దాదాపు 91 శాతం మంది అవునన్న ఆ ఓటుతోనే ఆదివాసులకు ఓటుహక్కు, పౌరసత్వం వచ్చాయని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అంతకుముందు వారు వృక్ష జంతు చట్టం కింద ఉండేవారన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. అటువంటి చట్టం ఏదీ లేదు. రాజ్యాంగంలో మారినవి రెండే. జనాభా లెక్కల్లో ఆదివాసులను కలపరాదన్న 127వ సెక్షన్ పోయింది. ఏదైనా జాతి ప్రజల కోసం ప్రత్యేక చట్టాలు చేసే కేంద్ర అధికారం నుంచి ఆదివాసులను మినహాయించిన మాటలు పోయాయి. ఆ అధికారాన్ని వారి మేలుకే వాడాలని రాజ్యాంగం చెప్పలేదు. 1998లో హైకోర్టు ముందు ఆ ప్రశ్న వచ్చినప్పుడు కూడా, మేలుకే పరిమితమన్న వాదనకు మెజారిటీ దొరకలేదు. ఇక్కడ హైకోర్టంటే దేశపు అత్యున్నత న్యాయస్థానమని గుర్తుంచుకోండి. 1967లో దొరికినదాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. రాష్ట్రాల గుప్పిట్లోంచి ఈ విషయం కేంద్రానికి రావడం పెద్ద మార్పే. కాని ఆ అధికారం ఎటైనా తిప్పగలిగిన కత్తి.

అసలు మలుపు ఆదివాసులు తామే తెచ్చుకున్నది. 1938 జనవరి 26న, వలస నూట యాభయ్యవ వార్షికోత్సవం రోజున, విలియం ఫెర్గూసన్, జాక్ పాటెన్ తదితరులు సిడ్నీలో సంతాప దినం జరిపి పూర్తి పౌరహక్కులు అడిగారు. 1946లో పిల్బరా పశువుల క్షేత్రాల పనివారు సమ్మెకు దిగారు. 1963లో యిర్‌కలా ప్రజలు బాక్సైట్ గనికి వ్యతిరేకంగా చెట్టు బెరడు మీద పిటిషన్ రాసి పార్లమెంటుకు పంపారు. 1966 ఆగస్టులో విన్సెంట్ లింగియారి నాయకత్వాన గురింజి ప్రజలు వేవ్ హిల్ పశువుల క్షేత్రం పని మానేసి వెళ్ళిపోయారు. పైకి అది కూలి సమ్మెలా కనిపించింది. త్వరలోనే వారు అడిగేది భూమినే అని తేలింది. అదే సంవత్సరం కేంద్ర మధ్యవర్తిత్వ కమిషన్ పశువుల క్షేత్రాల్లో సమాన వేతనానికి ఒప్పుకుంది గాని, యజమానులకు 1968 డిసెంబరు దాకా గడువిచ్చింది. ఆ తరువాత చాలామంది యజమానులు సమాన వేతనం ఇవ్వడానికి బదులు ఆదివాసి కుటుంబాలను పనిలోంచీ, పుట్టిపెరిగిన నేలలోంచీ పంపేశారు. న్యాయమైన నిర్ణయమే, కాని భూమి హక్కు లేనప్పుడు అదీ ఎదురుతిరిగింది.

1971లో యిర్‌కలా కేసులో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్, ఈ ప్రజలకు స్పష్టమైన న్యాయవ్యవస్థ ఉందని ఒప్పుకుంటూనే, అది ఆస్తి హక్కు కాదని తీర్పు చెప్పాడు. మరుసటి జనవరిలో ప్రధాని మక్‌మహన్ భూమి హక్కును నిరాకరించి లీజులు మాత్రమే ఇస్తామనడంతో పాత పార్లమెంటు ముందు పచ్చికలో ఆదివాసుల డేరా రాయబార కార్యాలయం వెలసింది. స్వయంనిర్ణయం అన్న మాట ప్రభుత్వ విధానంలోకి వచ్చింది ఆ ఏడాది చివర గెలిచిన ప్రధాని విట్లమ్ కాలంలో. 1975 ఆగస్టులో ఆయన లింగియారి చేతిలో మట్టి పోసిన ఫోటో అందరికీ తెలుసు. అదే ఏడాది వచ్చిన జాతి వివక్ష నిషేధ చట్టం అంతగా తెలియదు, నా దృష్టిలో దాని పనే పెద్దది. నార్దర్న్ టెరిటరీ భూమి హక్కుల చట్టం 1976లో, ప్రత్యర్థి పక్షం వాడైన ఫ్రేజర్ ప్రభుత్వంలో వచ్చింది. నేడు ఆ టెరిటరీలో దాదాపు సగం నేల ఆదివాసులది.

జాతి వివక్ష చట్టం పని ఏమిటో మాబో కేసులో తెలిసింది. టోరెస్ జలసంధిలోని మెర్ ద్వీపవాసులు, ఎడ్డీ మాబో ముందుండి, తమ భూమి తమదేనని 1982లో కోర్టుకెక్కారు. 1985లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం, ఆ హక్కులు ఒకవేళ ఉండి ఉంటే అవి 1879 నుంచీ రద్దయినట్టే అంటూ ఒక చట్టం చేసింది. కేసు నడుస్తుండగా ప్రతివాది చట్టం చేసి వాది హక్కును మాపేయడమన్నమాట! 1988లో హైకోర్టు దాన్ని 1975 చట్టం ఆధారంగా కొట్టివేసింది కనుకనే అసలు కేసు బతికింది. 1992 జూన్ 3న ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు ఒకవైపు తీర్పు వచ్చింది: వలస వచ్చిననాటికి ఈ నేల ఎవరిదీ కాదన్నది తప్పు, మూలవాసుల భూమి హక్కు బ్రిటిష్ సార్వభౌమత్వం తరువాత కూడా నిలిచే ఉంది. మాబో అప్పటికి సుమారు నాలుగున్నర నెలల కిందటే చనిపోయారు.

కాని ఆ తీర్పును, దాని వెంట వచ్చిన 1993 చట్టాన్ని చదివినవారికి ఒక మెలిక కనిపిస్తుంది. ప్రభుత్వం పట్టా ఇచ్చి అమ్మేసిన నేలమీద ఆ హక్కు పోయినట్టే. మిగిలినచోట, సంప్రదాయ సంబంధం ఎడతెగకుండా సాగిందని ఆదివాసులే నిరూపించాలి. మర్రే నది తీరంలోని యోర్తా యోర్తా ప్రజలు 2002లో హైకోర్టులో ఓడిపోయింది ఇక్కడే. కింది కోర్టు న్యాయమూర్తి వారి హక్కు చరిత్ర ప్రవాహంలో కొట్టుకుపోయిందన్నాడు. అందుకు ఆధారాల్లో ఒకటిగా, 1881లో వారి పూర్వీకులు తమకు బతకడానికి భూమి ఇమ్మని గవర్నర్‌కు పెట్టుకున్న పిటిషన్‌నే తీసుకున్నాడు. భూమి పోగొట్టుకుని భూమి అడిగినందుకు, భూమితో సంబంధం తెగినట్టు రుజువైంది. ఎవరిని ఎక్కువగా చెదరగొట్టారో వారికే హక్కు దొరకడం కష్టమన్నది ఈ చట్టంలోని లోపం, దాన్ని ఇప్పటికీ ఎవరూ పూర్తిగా సరిచేయలేదు.

అపహృత తరాలకు ప్రభుత్వం చెప్పిన క్షమాపణ గురించి అందరికీ తెలుసు కనుక ఎక్కువ రాయను. ప్రధాని హోవర్డ్ నిరాకరించినదాన్ని తరువాతి ప్రధాని కెవిన్ రడ్ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో చెప్పారు, అది విన్నవారికి ఎంతో ముఖ్యమైంది. నష్టపరిహారం మాత్రం అందులో లేదు. అంతకు ఎనిమిది నెలల ముందు జరిగినదాన్ని కూడా పక్కనే పెట్టి చూడాలి. పిల్లలపై లైంగిక హింస గురించి వచ్చిన నివేదిక ఆధారంగా 2007 జూన్‌లో హోవర్డ్ ప్రభుత్వం నార్దర్న్ టెరిటరీలో అత్యవసర జోక్యం ప్రకటించింది. సమస్య నిజమైనదే. కాని ఆదివాసులను సంప్రదించి చర్యలు తీసుకోవాలన్న ఆ నివేదిక మొదటి సిఫారసును వదిలేసి, సైన్యం సహాయంతో అధికారులు దిగారు. 73 గ్రామాల్లో అందరికీ, తప్పు చేసినా చేయకపోయినా, సంక్షేమ భృతిలో సగాన్ని ప్రభుత్వం తన నియంత్రణలో ఉంచుకుంది. తరువాత నిర్ణీత దుకాణాల్లో మాత్రమే చెల్లే కార్డు ఇచ్చింది. ఇదంతా చట్టబద్ధం కావడానికి 1975 జాతి వివక్ష చట్టాన్ని అక్కడ నిలిపివేశారు. రెండు పక్షాలూ పార్లమెంటులో దీన్ని సమర్థించాయి. పామ్ ద్వీపంలో పాసుబుక్కుల కాలం చూసిన వృద్ధులు దీన్ని కొత్త విధానమని ఎందుకు అనుకోలేదో మీరే ఊహించగలరు.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్నకు వస్తాను. 2023 అక్టోబరు 14న అడిగింది చిన్న విషయం: ఆదివాసుల తరఫున పార్లమెంటుకు, ప్రభుత్వానికి సలహా చెప్పే ‘వాయిస్’ అనే సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలా? 2017లో ఉలురు దగ్గర సమావేశమైన ఆదివాసి ప్రతినిధులు కోరినది అదే. వినాలన్న బాధ్యత తప్ప, ఒప్పుకోవాలన్న నిర్బంధం ప్రభుత్వానికి లేదు. రాజ్యాంగంలోనే ఎందుకు అన్నవారికి జవాబు గతంలో ఉంది: 1973 నుంచి కేంద్రం ఇటువంటి ప్రతినిధి సంఘాలను ఒకదాని తరువాత ఒకటి సృష్టించి, నచ్చనప్పుడు రద్దు చేసింది. 1990లో ఏర్పడిన అట్సిక్ కూడా 2005లో అలాగే పోయింది. అయినా అరవై శాతం మంది కాదన్నారు, ఆరు రాష్ట్రాల్లోనూ ఓడింది. ఇక్కడ రాజ్యాంగ సవరణకు దేశం మొత్తం మీద మెజారిటీ, కనీసం నాలుగు రాష్ట్రాల్లో మెజారిటీ రెండూ కావాలి. ఇప్పటిదాకా జరిగిన 45 రెఫరెండంలలో గెలిచినవి 8 మాత్రమే, రెండు పెద్ద పక్షాలూ ఒప్పుకోకుండా గెలిచినది ఆధునిక కాలంలో లేదు. ప్రతిపక్షం వ్యతిరేకించిన రోజునే సగం ఓటమి ఖాయమైంది. ఆదివాసి నాయకుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఇది జాతిని బట్టి పౌరులను విడదీస్తుందని సెనెటర్ జసింటా ప్రైస్, సార్వభౌమత్వం మీద ఒప్పందం లేకుండా సలహా సంఘం ఏమిటని సెనెటర్ లిడియా థోర్ప్ వ్యతిరేకించారు. అయితే మారుమూల ఆదివాసి గ్రామాల పోలింగ్ కేంద్రాల్లో చాలాచోట్ల అవునన్నవారే ఎక్కువ.

దీన్ని దేశం వెనక్కి నడిచిందనడానికి రుజువుగా నేను చూడను. 1967లో అడిగింది ప్రభుత్వానికి అధికారం ఇమ్మని, 2023లో అడిగింది ఆ అధికారం వాడేముందు ఆదివాసుల మాట వినాలన్న నియమాన్ని శాశ్వతం చేయమని. మొదటిదానికి దాదాపు అందరూ ఒప్పుకున్నారు, రెండవదానికి ఒప్పుకోలేదు. పై నాలుగు విషయాలు దృష్టిలో పెట్టుకుంటే ఈ రెండు ఫలితాల మధ్య అంత వైరుధ్యం కనబడదు. ఇప్పుడు ఒప్పందాల ప్రయత్నం కేంద్రం నుంచి రాష్ట్రాలకు మారింది. విక్టోరియాలో ఆదివాసులు 2019 నుంచి తమ ప్రతినిధి సభను తామే ఎన్నుకుంటున్నారు, రాష్ట్రంతో ఒప్పందానికి సంబంధించిన చట్టాన్ని అక్కడి పార్లమెంటు 2025లో ఆమోదించింది. క్వీన్స్‌లాండ్‌లో అటువంటి ప్రక్రియకు 2023లో చేసిన చట్టాన్ని, మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే రద్దు చేశారు. పిల్లల విషయంలో నేటి లెక్క కూడా తెలుసుకోండి: కుటుంబానికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవారి నిష్పత్తి, తక్కిన పిల్లలతో పోలిస్తే ఆదివాసి పిల్లల్లో దాదాపు పది రెట్లు. ఆస్ట్రేలియాలో మీరు ఉండే రాష్ట్రం ఏదైతే, ముందుగా ఆ రాష్ట్రపు పాత సంరక్షణ చట్టాన్ని, దాని సవరణలతో సహా, మూలంలోనే చదవండి. అవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక్కొక్కటి కొద్ది పేజీలే.